పాప మెయింటెనెన్స్ లెక్క ఎలా తేలింది – వైజాగ్‌లో నా అనుభవం

నేనూ మా ఆయనా విడిగా ఉండటం మొదలయ్యాక చుట్టాల్లో గానీ డ్యూటీలో గానీ ఎవరు పలకరించినా ముందు అడిగేది ఒకటే, "జీతంలో ఎంత శాతం వస్తుందంట?" అని. ఒకాయన 25 శాతం అన్నారు, ఇంకొకాయన మూడో వంతు ఖాయం అన్నారు, మా పిన్ని అయితే "ఆడపిల్ల కదే, సగం రాసిచ్చేస్తారు" అని తేల్చేసింది. అసలు సంగతి ఏంటంటే పిల్లల మెయింటెనెన్స్‌కి, అంటే పోషణ ఖర్చుకి, ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా రాసి లేదు. పాప ఖర్చెంత, అమ్మానాన్నల సంపాదన ఎంతెంత, ఇద్దరూ ఇప్పటిదాకా పిల్లని ఏ స్థాయిలో పెంచారు, ఇవన్నీ చూసి తేలుస్తారు. నేను వెతికినప్పుడు సెక్షన్ల నంబర్లు బోలెడు దొరికాయి గానీ కాగితం మీద కూడికలు తీసివేతలు చేసి చూపించినవాళ్లు కనపడలేదు, అందుకే నా లెక్క మొత్తం అంకెలతో సహా రాస్తున్నాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని.

మాది మర్రిపాలెం, పాపకి ఎనిమిదేళ్లు, మూడో క్లాసు. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని, చేతికి 18,000 వస్తుంది. పాప వాళ్ల నాన్న అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీలో పని చేస్తారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా పాపని తనే చూసుకుంటుంది. నా కోసం నేనేమీ అడగలేదు, అడిగింది పాప కోసమే, కాబట్టి ఇక్కడ రాసేది పాప లెక్క మాత్రమే.

మొదట పెద్దమనుషుల్లో కూర్చున్నాం. పాప వాళ్ల నాన్నకి మేనమామగారు "నెలకి 5,000 పంపిస్తాడమ్మా, పండక్కి బట్టలు కూడా కొంటాడు" అన్నారు. ఆ 5,000 ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చిన రౌండ్ ఫిగర్ అంతే. నేను ఒప్పుకోకపోయేసరికి ఇంకోసారి కూర్చున్నప్పుడు "ఒకేసారి మూడు లక్షలు ఇచ్చేస్తాం, ఇక పాప పేరు మీద ఏమీ అడగనని రాసివ్వు" అన్నారు. మూడు లక్షలు అంటే వినడానికి పెద్ద మొత్తమే, మా అన్నయ్య కూడా "తీసేసుకో చెల్లీ, కోర్టులు మనవల్ల ఏమవుతుంది" అన్నాడు. తర్వాత లెక్క తేలాక చూస్తే పాప ఖర్చులో వాళ్ల నాన్న వాటా నెలకి 14,250 వచ్చింది, ఆ లెక్కన మూడు లక్షలు 21 నెలలకి అయిపోతాయి, పాపకి 18 నిండడానికి ఇంకా పదేళ్లుంది. ఇంకో ముఖ్యమైన విషయం, పిల్లల హక్కుని తల్లి సంతకం పెట్టి వదిలేయడం కుదరదు, నేను రాసిచ్చినా సరే పాప తరఫున మళ్లీ అడగొచ్చు. ఇది తెలియక ఆ కాగితం పట్టుకుని ఇక అంతా అయిపోయిందని కూర్చున్న ఆడవాళ్లు చాలామంది ఉంటారు, దయచేసి వాళ్లకి ఎవరైనా చెప్పండి.

సూర్యాబాగ్‌లో జిల్లా కోర్టు కాంప్లెక్స్ ఉంది కదా, జగదాంబ దగ్గర, అందులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు. ఆడవాళ్లకీ పిల్లలకీ లాయర్ని ఫ్రీగా పెడతారు, జీతం ఉందా లేదా అని చూడరు, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఆ మాట ఉంది. నాకు అలాగే ఒక లాయర్ మేడం వచ్చారు. ఆవిడ నా కథంతా విని మొదట చెప్పింది సెక్షన్ గురించి కాదు, "ఏడాది మొత్తంలో పాపకి దేనికెంత అవుతుందో రాసుకుని రామ్మా, నెల లెక్క వద్దు" అన్నారు.

ఆ ఒక్క మాటే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే పిల్లల ఖర్చు నెలనెలా ఒకేలా ఉండదు, జూన్‌లో స్కూలు తెరిచారంటే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, షూస్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి, దసరాకి సంక్రాంతికి బట్టలు, చలికాలం వస్తే మా పాపకి ఆయాసం, నెబ్యులైజర్ బయటికి తీయాల్సిందే. ఏప్రిల్ నెల ఖర్చు చూపిస్తే ఇంతేనా అంటారు, జూన్ ఖర్చు చూపిస్తే అబద్ధం అంటారు. అందుకని స్కూలు రసీదులు, మందుల షాపు బిల్లులు, ఫోన్‌పే స్టేట్‌మెంటు, ఇంటి అద్దె పంపిన ఎంట్రీలు అన్నీ ముందేసుకుని అమ్మా నేనూ రెండు మూడు రాత్రులు కూర్చుని రాశాం. అమ్మ పాల పుస్తకం కూడా తెచ్చింది, తేదీలతో సహా రాసుంటుంది కదా, అది కూడా సాక్ష్యమే.

అప్పుడు తేలిన లెక్క ఇది. స్కూలు ఫీజు ఏడాదికి 48,000, పుస్తకాలు యూనిఫాం షూస్ కలిపి 9,000, వ్యాను నెలకి 1,500 చొప్పున పది నెలలకి 15,000, మొత్తం 72,000 అంటే నెలకి 6,000. తిండికి 4,500, ఇందులో పాలు, గుడ్లు, పళ్లు, బాక్సులోకి పెట్టే స్నాక్స్, కంచరపాలెం రైతు బజార్లో తెచ్చే కూరగాయల్లో పాప వంతు అన్నీ ఉన్నాయి. బట్టలు చెప్పులు 1,000. డాక్టరు మందులు ఏడాదికి 12,000 అయ్యాయి కాబట్టి నెలకి 1,000, నాకు ఈఎస్ఐ ఉంది గానీ రాత్రిపూట ఆయాసం మొదలైతే పక్క వీధిలో ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికే ఎత్తుకుని పరిగెడతాం. ట్యూషన్ 1,000, డాన్సు క్లాసు 800, పుట్టినరోజు, బీచ్‌కి వెళ్లడం, ఫ్రెండ్స్ పుట్టినరోజులకి గిఫ్టులు ఇలాంటివి 700. ఇంటద్దె 9,000లో మూడో వంతు 3,000, కరెంటు గ్యాసు ఇంటర్నెట్ కలిపి 3,000 అయితే అందులో మూడో వంతు 1,000. అన్నీ కూడితే నెలకి 19,000.

ఈ అంకె చూసి నేనే కాసేపు నమ్మలేదు, మళ్లీ కూడి చూశాను. మన చేతుల మీదుగా రోజూ పోయే డబ్బే, కానీ ఒక చోట రాసేదాకా పిల్లని పెంచడానికి ఎంతవుతుందో మనకే తెలీదు. 5,000 అన్నవాళ్లకీ తెలీదు, వాళ్లని కూడా నేను తప్పు పట్టను.

అమ్మ చూసుకుంటున్నందుకు ఏమైనా రాయాలా అని అడిగాను, డే కేర్‌లో వేస్తే నెలకి ఎంత తీసుకుంటారో అందరికీ తెలుసు కదా. మేడం వద్దన్నారు, పెట్టని ఖర్చు అంకెల్లో రాయకూడదు, కానీ అమ్మమ్మ చూసుకోవడం వల్లే ఆ ఖర్చు మిగులుతోందని ఒక వాక్యం మాత్రం పిటిషన్‌లో రాస్తాను అన్నారు. రాశారు కూడా. ఒక్క అంకె పెంచి రాసినా దాన్ని పట్టుకుని మిగతా అన్నిటినీ అనుమానిస్తారు అని ఆవిడ పదేపదే చెప్పేవారు, అందుకే బిల్లు లేనిచోట తక్కువే వేశాం.

ఇక కేసు. ఇదివరకు సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 అని అందరి నోట్లో నలిగిన సెక్షన్ ఉంది కదా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టంలో సెక్షన్ 144 వచ్చింది, విషయం దాదాపు అదే. ఒకప్పుడు ఆ 125 కింద నెలకి 500 దాటి ఇవ్వకూడదని ఉండేదట, 2001లో ఆ పరిమితి తీసేశారు. మాది ఫ్యామిలీ కోర్టులో వేశాం, మేం ఉంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చు, వాళ్లుండే చోటికి వెళ్లక్కర్లేదు. పిటిషన్‌తో పాటు ఒక పెద్ద అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలి, ఆస్తులు అప్పులు ఆదాయం ఖర్చులు అన్నీ అందులో రాయాలి. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా అనే కేసులో సుప్రీంకోర్టు ఈ అఫిడవిట్ ఇద్దరూ ఇచ్చి తీరాలని చెప్పింది, నేను ఇచ్చినట్టే అవతలివాళ్లు కూడా ఇవ్వాలి, కౌంటర్‌తో, అంటే మన పిటిషన్‌కి వాళ్లిచ్చే జవాబుతో, పాటు నాలుగు వారాల్లోపు. నా దగ్గర ఉన్న బంగారం, ఎల్ఐసీ పాలసీ, బ్యాంకులో ఉన్న కాస్త డబ్బు అన్నీ రాశాను. స్కూటీ కూడా.

ఆ అఫిడవిట్ వల్లే మా కేసు మలుపు తిరిగింది, ఇది కొంచెం వివరంగా చెప్తాను.

నోటీసు అందడానికే టైం పట్టింది, ఆయన రూము మారారు. అందాక వాళ్ల కౌంటర్‌లో నెల జీతం 31,000 అని ఉంది, బ్యాంకులో పడిన అంకె చూపించారు, అది అబద్ధం కాదు, నిజంగానే అంతే పడుతోంది. కానీ అఫిడవిట్‌తో పే స్లిప్ జత చేయాలి కదా, మేడం దాన్ని టేబుల్ మీద పరిచి పెన్సిల్‌తో ఒక్కొక్క కటింగ్ పక్కన టిక్ పెట్టుకుంటూ వచ్చారు. గ్రాస్ 62,000. ఇన్‌కం ట్యాక్సు, ప్రొఫెషనల్ ట్యాక్సు 200, కంపల్సరీ పీఎఫ్, ఇవి పోగా 54,000. "ఇక్కడిదాకా ఎవరూ కాదనరమ్మా, ఇవి ఆయన ఆపగలిగేవి కావు" అన్నారు. దాని కింద పర్సనల్ లోను 12,000, కంపెనీ సొసైటీలో పొదుపు 6,000, ఎల్ఐసీ 5,000, ఈ మూడూ కలిపి 23,000, అవి తీసేస్తేనే 31,000 వస్తుంది. "ఇవి ఆయన ఇష్టంతో పెట్టుకున్నవి. పొదుపూ ఇన్సూరెన్సూ ఆయన దగ్గరే ఉంటాయి, ఎక్కడికీ పోవు. పాప తిండి ముందు, పొదుపు తర్వాత" అని ఒక గీత గీశారు. లోను మాత్రం దేనికి తీసుకున్నారో చూస్తారట, మేం కలిసి ఉన్నప్పుడు ఇంటి అవసరానికి తీసుకున్నదైతే కొంత పరిగణిస్తారు, ఇది మేం విడిపోయాక తీసుకున్నది.

కాబట్టి మీ ఎదుటివాళ్లు చేతికొచ్చే జీతం ఇంతే అంటే కంగారు పడకండి, కోపం కూడా తెచ్చుకోకండి, పే స్లిప్, ఫారం 16 (కంపెనీ ఇచ్చే ట్యాక్సు కాగితం) అడగండి, కటింగుల్లో ఏవి తప్పనిసరో ఏవి ఇష్టంతో పెట్టుకున్నవో విడదీయండి.

తర్వాత పంపకం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో సెక్షన్ 20 ప్రకారం పిల్లల పోషణ బాధ్యత తండ్రితో పాటు తల్లికి కూడా ఉంది. తల్లి సంపాదిస్తోంది కదా అని తండ్రి బాధ్యత పోదు, అలాగే అంతా ఆయనే పెట్టాలని నేనూ అనలేను. చదువు ఖర్చు మామూలుగా తండ్రి పెట్టాలనీ, తల్లికి తగినంత సంపాదన ఉంటే ఇద్దరి ఆదాయాల ప్రకారం పంచుకోవచ్చనీ ఇందాక చెప్పిన 2020 తీర్పులోనే ఉంది. ఆ పద్ధతినే మేం మొత్తం ఖర్చుకి పెట్టుకున్నాం. ఆయనది 54,000, నాది 18,000, రెండూ కలిపి 72,000. ఆయన వాటా 75 శాతం, నాది 25. పాప ఖర్చు 19,000లో 75 శాతం అంటే 14,250, మిగతా 4,750 నాది. ఆయన చెప్పిన 31,000నే పట్టుకుంటే వాటా 63 శాతానికి దిగేది, నెలకి 12,000 దగ్గర వచ్చేది. ఒక్క పే స్లిప్ సరిగ్గా చదివినందుకు నెలకి 2,200 పైన తేడా, అది పాప ట్యూషన్, డాన్సు ఫీజులు వచ్చేసి ఇంకా కాస్త మిగిలే డబ్బు.

25 శాతం మాట వాళ్ల లాయరుగారు కూడా ఎత్తారు, సుప్రీంకోర్టే చెప్పింది, అది దాటకూడదు అని. 2017లో అలాంటి తీర్పు ఉన్నమాట నిజమే, కానీ అది భార్యకి ఇచ్చే భరణం గురించి, ఆ కేసులో ఉన్న మనుషుల పరిస్థితిని బట్టి భర్త జీతంలో 25 శాతం సబబు అన్నారు, పిల్లలకి అదే హద్దు అని కాదు. మేడం వాదన వినిపించేటప్పుడు ఇదే చెప్పారు.

ముందు మధ్యంతరంగా, అంటే కేసు తేలేదాకా, నెలకి 9,000 ఇమ్మని ఆర్డర్ వచ్చింది. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర పిటిషన్ తేల్చాలని చట్టంలో ఉంది, వీలైనంతవరకు అని కూడా ఉంది, కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అప్పటిదాకా ఇల్లు గడిచేలా చూసుకోండి. ఒక మంచి విషయం, ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాకుండా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కడతారు, అందుకే "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనుకుంటూ పిటిషన్ వేయకుండా కూర్చుంటే పోయేది పిల్లల డబ్బే. మాకు వచ్చిన బకాయి రెండు విడతల్లో కట్టారు, దాంతో పాప టర్మ్ ఫీజు తీర్చేశాను.

తర్వాత మీడియేషన్‌కి, అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చోటికి, పంపారు. అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు, మీడియేటర్‌గా ఉన్న పెద్దావిడ మా లెక్క కాగితం మధ్యలో పెట్టి ఒక్కొక్క లైను చదువుతూ ఇద్దర్నీ అడిగారు. అద్దె దగ్గర ఆగింది. "పాప లేకపోయినా ఆవిడ అద్దె కట్టుకోవాల్సిందే కదండీ" అన్నారు వాళ్ల లాయరుగారు. నేను చెప్పాను, అమ్మా నేనూ అయితే మా ఇంటి వెనక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్ ఉంది, దానికి 6,000 తీసుకుంటున్నారు, అది సరిపోతుంది, పాప చదువుకోడానికి పడుకోడానికి కావాలనే 9,000 పెట్టి డబుల్ బెడ్‌రూమ్‌లో ఉన్నాం, తేడా 3,000, మూడో వంతు వేసినా అంతే వస్తుంది అని. ఆ పెద్దావిడ తలూపి టిక్ పెట్టారు. డాన్సు క్లాసు దగ్గర వాళ్ల లాయరుగారు "ఇది అవసరమా" అనబోతుంటే పాప వాళ్ల నాన్నే "అది ఉంచండి సార్, పాపకి ఇష్టం" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. మా ఇద్దరికీ పడలేదు గానీ పాప మీద ఆయనకి ప్రేమ లేదని నేనెప్పుడూ అనుకోలేదు.

అక్కడే మేడం ఇంకో సలహా ఇచ్చారు, మొత్తం ఒకే అంకెగా నెలనెలా తీసుకోవద్దు, స్కూలు ఫీజు విడదీయండి అని. ఎందుకంటే నెలవారీ డబ్బులో ఫీజు కలిసి ఉంటే జూన్ వచ్చేసరికి చేతిలో మిగలదు, పైగా ఫీజు పెరిగినప్పుడల్లా మళ్లీ గొడవ. ఆయన వాటా ఏడాదికి 1,71,000, అందులోంచి స్కూలు ఫీజు 48,000 మొత్తం ఆయనే టర్మ్ టర్మ్‌కీ నేరుగా స్కూలుకి కట్టేలా పెట్టాం, మిగిలిన 1,23,000ని పన్నెండుతో భాగిస్తే నెలకి 10,250, దాన్ని 10,000 చేసుకున్నాం. ఇది ప్రతి నెలా 5వ తేదీలోపు నా బ్యాంకు ఎకౌంటుకి రావాలి, చేతికి ఇవ్వడం లేదు, ఎవరి ద్వారానో పంపడం లేదు. ప్రతి జూన్‌లో 7 శాతం పెరుగుతుంది, అంటే మొదటి పెంపుకి 10,700. స్కూలు ఫీజు పెంచితే ఆ పెరిగింది కూడా ఆయనదే. పాప పేరు వాళ్ల కంపెనీ ఇన్సూరెన్స్‌లో అలాగే ఉంచాలి, హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చి ఇన్సూరెన్స్‌కి పైన ఏమైనా అయితే 75, 25 చొప్పున పంచుకోవాలి. ఇవన్నీ రాజీ పత్రంలో రాసి కోర్టులో రికార్డు చేయించాం, తెల్లకాగితం మీద రాసుకుని ఇంటికి రాలేదు.

పాపని చూడ్డం గురించి విడిగా రాశారు, నెలలో రెండు ఆదివారాలు తీసుకెళ్తారు, ఎక్కువగా శివాజీ పార్కుకో జూకో వెళ్లి సాయంత్రానికి దింపుతారు. డబ్బు లేటయిందని పాపని పంపకుండా ఆపకూడదు, పాపని చూపించలేదని డబ్బు ఆపకూడదు, ఈ రెంటికీ ముడిపెట్టొద్దని మేడం గట్టిగా చెప్పారు. నేను పాటిస్తున్నాను, ఆయన కూడా.

డబ్బు ఆగిపోతే ఏంటని చాలామంది అడుగుతారు. ఏ నెల కట్టకపోతే ఆ నెలకి వసూలు పిటిషన్ వేయొచ్చు, వారంట్ ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు కూడా ఉంది. కానీ బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపే వేయాలి, అది దాటితే ఆ నెల డబ్బుకి ఈ దారి మూసుకుపోతుంది, అందుకే బ్యాంకు ఎంట్రీలు నెలనెలా చూసుకోండి. నేను ఆ ఎకౌంటుని పాప ఖర్చులకి తప్ప దేనికీ వాడను, రేపు ఎవరైనా లెక్క అడిగితే స్టేట్‌మెంటే చెప్తుంది.

ఇంకా ఖర్చులు పెరుగుతాయి, హైస్కూలు, ఇంటర్, కోచింగులు. పరిస్థితి మారినప్పుడు మొత్తాన్ని పెంచమని గానీ తగ్గించమని గానీ అడగడానికి అదే సంహితలో సెక్షన్ 146 ఉంది, ఆయన ఉద్యోగం పోయినా దాని కిందే తగ్గించమని అడగొచ్చు. 144 కింద మామూలుగా పాపకి 18 వచ్చేదాకానే, ఆ తర్వాత పెళ్లికాని కూతురు తన కాళ్ల మీద తాను నిలబడలేని స్థితిలో ఉంటే 1956 చట్టం కింద తండ్రిని అడిగే హక్కు ఉంది, అది వేరే కేసుగా వేయాలి. లాయరు ఖర్చుకి భయపడి ఆగిపోయినవాళ్లు 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్, లేదంటే సూర్యాబాగ్‌లో ఆ ఆఫీసుకే నేరుగా వెళ్లండి, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటో లేదా సర్టిఫికెట్, స్కూలు రసీదులు, ఏడాది ఖర్చు రాసిన కాగితం పట్టుకెళ్తే మొదటి రోజే పని మొదలవుతుంది.